నాటు గుమ్మడి, ఇంటి ఇత్తనం: మోకిల రైతు వేదికలో చెప్పిన మాటలు

(రంగారెడ్డి జిల్లా లబ్ధిదారుల కోసం. మోకిల రైతు వేదికలో మహిళా సంఘాల సభ్యులు, రైతులతో మాట్లాడిన ప్రసంగ పాఠం. ఫోన్‌లో చదువుకోవచ్చు, చదవడం రానివారికి చదివి వినిపించవచ్చు.)



లోపలికి వస్తుంటేనే ఒకక్క అడిగింది, "సారూ, గుమ్మడికాయకు కూడా స్కీం వచ్చిందట కదా, ఎకరాకు ఎంత?" అని. ముందు ఆ ముచ్చట తేల్చుకుని మిగతావి మాట్లాడుకుందాం. గుమ్మడికని ప్రత్యేకంగా పథకం ఏదీ లేదు. ఎవరైనా ఫోన్‌కు లింకు పంపి, పేరు నమోదు చేసుకోండి, ఓటీపీ చెప్పండి అంటే అది మోసం. నొక్కొద్దు. ఒకవేళ నొక్కి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ.

మరి పథకం లేనప్పుడు ఈ మీటింగు ఎందుకు? ఇప్పటికే మీకు వచ్చేవి కొన్ని ఉన్నాయి. రైతు భరోసా, డ్రిప్పు సబ్సిడీ, సంఘం రుణం, చిన్న ఆహార యూనిట్లకు సాయం. వీటిని కలుపుకుని, ఖర్చు తక్కువయ్యే ఒక పంటను, అదీ ఇత్తనం కొనకుండా ఎలా చేసుకోవచ్చో చెప్పడానికి వచ్చాను. నేను వ్యవసాయ శాస్త్రవేత్తను కాను. చదివింది జర్నలిజం. తెలిసినవాళ్లను అడగడం, విన్నది సరిచూసుకోవడం, మీకు అర్థమయ్యేటట్టు చెప్పడం నా పని. పొలం సంగతి మీకే నాకన్నా ఎక్కువ ఎరుక. నేను తప్పు చెబితే మధ్యలోనే ఆపండి.

ఎందుకు గుమ్మడి, ఎందుకు ఇక్కడ

మోకిల ఎట్లా మారిందో మీ కండ్ల ముందే ఉంది. 2023 ఆగస్టులో హెచ్ఎండీఏ ఇక్కడ ప్లాట్లు వేలం వేసినప్పుడు పేపర్లన్నీ ఈ ఊరి పేరే రాశాయి. శంకర్‌పల్లి రోడ్డు పొడవునా విల్లాలు లేచాయి. చేవెళ్ల, మొయినాబాద్ వైపు ఇంకా కూరగాయలు, పూలు పండిస్తున్నారు గానీ, అక్కడా చెలకలు తగ్గుతున్నాయి. భూమి అమ్మడం, ఉంచుకోవడం ఎవరి ఇష్టం వాళ్లది. దాని గురించి నేను మాట్లాడను. భూమితోపాటు ఇంకొకటి కూడా పోతున్నది, దాని గురించి మాట్లాడతాను.

ఒకప్పుడు పెంటకుప్ప పక్కన, బావి గడ్డ మీద, కంచె వెంబడి గుమ్మడి తీగ పాకేది. ఎవరూ నీళ్లు కట్టేవాళ్లు కాదు, మందు కొట్టేవాళ్లు కాదు. దసరాకు పూలు, సంక్రాంతికి కాయలు. ఆ ఇత్తనం అవ్వ దగ్గర ఉండేది, చీర కొంగు గుడ్డలోనో, బూడిద డబ్బాలోనో. చేను అమ్మిన ఏడాది ఆ గుడ్డమూట ఎటు పోయిందో ఎవరికీ పట్టదు. అవ్వ పోయాక వెతికితే దొరకదు. షాపులో ప్యాకెట్ దొరుకుతుంది, అవ్వ ఇత్తనం దొరకదు. ఈ హాల్లో ఇంట్లో నాటు గుమ్మడి ఇత్తనం ఉన్నవాళ్లు చేతులెత్తండి. ఒకటి, రెండు, మూడు... నలుగురు. అరవై మందికి పైగా ఉన్న చోట నలుగురు. ఆ నలుగురి చేతుల్లో ఉన్నది పోతే మళ్లీ ఎక్కడి నుంచి తెస్తాం?

మన వాతావరణానికి ఆ ఇత్తనం ఎందుకు అంత విలువైనదో చెబుతాను. మనది వట్టి ఎండ ప్రాంతమని అంటారు గానీ రెండూ ఉన్నాయి. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండ. జులై నుంచి సెప్టెంబరు దాకా ఒంటికి అంటుకునే ఉక్క, రోజుల తరబడి తడి. చాలా కూరగాయలు ఎండకు తట్టుకుంటే ఉక్కకు కుళ్లుతాయి, ఉక్కకు తట్టుకుంటే ఎండకు వాడుతాయి. మన కూర గుమ్మడి, అంటే లోపల పసుపు, నారింజ రంగు కండ ఉండే తీపి గుమ్మడి, రెండింటికీ ఓర్చుకునే జాతి. అందులోనూ తరాల తరబడి ఇదే మట్టిలో పండి, బతికిన పాదు నుంచే మళ్లీ ఇత్తనం తీసుకుంటూ వచ్చిన రకం ఇంకా గట్టిది.

ఒక మాట, ఇది మనకు పరాయిది అంటే నమ్ముతారా? తీపి గుమ్మడి పుట్టినిల్లు అమెరికా ఖండం. సముద్రం మీద ఓడలు తిరగడం మొదలయ్యాక, ఐదు వందల ఏండ్ల లోపే మన దేశానికి వచ్చింది. మిరపకాయ, టమాట కూడా అట్లా వచ్చినవే. దీన్ని మన పంటగా చేసింది మన పెద్దమ్మల చేయి. మంచి కాయను పక్కకు పెట్టి, ఇది ఇత్తనానికి అని ముట్టుకోనియ్యకుండా కాపాడిన చేయి.

అమెరికాలో ఫ్లోరిడా అని ఒక రాష్ట్రం ఉంది. వేడి, ఉక్క, వాన, దోమలు. అక్కడి మూలవాసులైన సెమినోల్ జనం పండించిన గుమ్మడిని ఇప్పటికీ సెమినోల్ గుమ్మడి అనే పిలుస్తారు. మన గుమ్మడి జాతే. చెట్ల మొదట్లో ఇత్తనం వేస్తే తీగ చెట్టెక్కి, కాయలు కొమ్మలకు వేలాడేవి. వేరే గుమ్మళ్లు తెగుళ్లకు పోయే చోట అది నిలబడింది, కోసిన కాయ నెలల తరబడి చెడకుండా ఉంది. ఇప్పుడు అక్కడి తోటల వాళ్లు ఆ ఇత్తనం కోసం వెతుక్కుని మరీ తెచ్చుకుంటున్నారు. మనం మాత్రం ఇంట్లో ఉన్నదాన్ని పారేస్తున్నాం.

వేసే కాలం, వేసే తీరు

వానకాలం పంటకు జూన్ రెండో సగం నుంచి జులై దాకా, నేల బాగా తడిసినాక వేయాలి. తొలకరి చినుకు చూసి తొందరపడితే మొలక ఎండుతుంది. ఎండకాలం పంటకు డిసెంబరు, జనవరి. ఫిబ్రవరి దాటినాక వేస్తే పూత సరిగ్గా మండే ఎండలో వస్తుంది. అప్పుడు మగ పూలే ఎక్కువ పూస్తాయి, పిందె నిలవదు. "పూసింది గానీ కాయలేదు" అని మీరు అనే మాటకు చాలాసార్లు ఇదే కారణం.

నేల ఎర్ర చెలకైనా, రేగడైనా పండుతుంది. నీళ్లు నిలవకూడదు, అంతే. రేగడిలో అయితే గుంత కాకుండా మట్టి ఎగదోసి చిన్న గడ్డ చేసి, దాని మీద వేయండి. నాటు రకం తీగ బాగా పాకుతుంది కాబట్టి సాలుకూ సాలుకూ 3 మీటర్లు, గుంతకూ గుంతకూ మీటరున్నర ఉంచాలి. ఈ లెక్కన ఎకరాకు సుమారు 900 గుంతలు. అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత తీసి, మాగిన పెంట ఒక పెద్ద తట్టెడు, పదికిలోల దాకా, మట్టితో కలిపి నింపాలి. పచ్చి పెంట వేయొద్దు, వేరు మాడుతుంది, చెద పడుతుంది. గుంతకు నాలుగు ఇత్తులు. రెండు మూడు ఆకులు వచ్చాక బలమైనవి రెండు ఉంచి మిగతావి కత్తిరించండి. పీకితే పక్క మొక్క వేరు కదులుతుంది.

తీగ పాకేటప్పుడు దాన్ని ఎత్తి అటూ ఇటూ జరపొద్దు. కణుపు కణుపు దగ్గరా వేరు దించుకుంటుంది. ఆ వేర్లే ఎండలో దాన్ని బతికిస్తాయి. ఎత్తితే అవన్నీ తెగుతాయి. కింద వరిగడ్డి పరిస్తే తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది, కాయ మట్టికి తగిలి కుళ్లదు. గడ్డి లేకపోతే కాయ కింద పెంకు ముక్క పెట్టినా సరే.

నీళ్లు మొదలుకు ఇవ్వాలి, ఆకు మీద పోయకూడదు. సాయంత్రం ఆకులు తడిస్తే రాత్రంతా తడిగానే ఉంటాయి, తెల్లారేసరికి తెగులు. అందుకే ఈ పంటకు డ్రిప్పు బాగా కుదురుతుంది. సబ్సిడీ సంగతి తర్వాత చెబుతాను.

పురుగుల మాట. మొలక దశలో ఎర్రటి చిన్న పెంకు పురుగు వచ్చి ఆకులను జల్లెడలాగ చేస్తుంది. మొదటి ఇరవై రోజులు కాపాడితే తర్వాత తీగ దాన్ని లెక్కచేయదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు పురుగులు చురుకుగా ఎగరవు, చేత్తో ఏరేయండి, ఆకుల మీద జల్లించిన కట్టెల బూడిద చల్లండి. పెద్దమ్మలు నవ్వుతున్నారు, వాళ్లకు తెలుసు. ఇంకొకటి పండు ఈగ. పిందెను పొడిచి గుడ్లు పెడుతుంది, కాయ లోపల పురుగు పడి రాలిపోతుంది. రాలిన పిందెను అక్కడే వదలకండి, లోతుగా పాతిపెట్టండి. మగ ఈగలను పట్టే క్యూ లూర్ ఎర బుట్టలు దొరుకుతాయి, ఎన్ని పెట్టాలో ఏఈవోను అడగండి.

బూడిద తెగులు వస్తే చాలామంది గంధకం తెచ్చి కొడతారు. తీగ జాతి పంటల మీద గంధకం కొడితే ఆకులు మాడిపోతాయి. షాపతను ఇచ్చినా తేవద్దు, ముందు ఉద్యాన అధికారిని అడగండి. ఆకులు ముడుచుకుని, పచ్చ పసుపు మచ్చలతో వెర్రిగా పెరిగే పాదు కనబడితే అది వైరస్, దానికి మందు లేదు. పీకి కాల్చేయడమే. అట్లాంటి పాదు నుంచి ఎంత పెద్ద కాయ వచ్చినా ఇత్తనం తీయొద్దు.

ఏ మందు కొట్టినా సాయంత్రమే. పొద్దున గుమ్మడి పువ్వు మీద తేనెటీగ ఉంటుంది. దాన్ని చంపితే మన కాయను మనమే చంపుకున్నట్టు.

పువ్వు దగ్గరే అసలు కథ

గుమ్మడికి మగ పువ్వు వేరు, ఆడ పువ్వు వేరు, రెండూ ఒకే తీగ మీద ఉంటాయి. మగ పువ్వు సన్నని పొడుగు కాడ మీద నిలబడుతుంది. ఆడ పువ్వు కింద చిన్న గుండు పిందె ఉంటుంది. ముందు వచ్చేవన్నీ మగ పూలే, పది పదిహేను రోజులు. "మా తీగ గొడ్డుదయ్యింది" అని ఆ టైంలో పీకేసేవాళ్లు ఉన్నారు. ఆగండి. ఆడ పూలు తర్వాత వస్తాయి.

బతుకమ్మ రోజుల్లో గౌరమ్మకు గుమ్మడి పువ్వు కావాలి కదా. పిల్లలు కనబడిన పువ్వల్లా తెంపుకుపోతారు. కాడ సన్నగా ఉన్న మగ పువ్వును తెంపితే నష్టం లేదు, కొన్ని ఉంచి మిగతావి తీసుకోవచ్చు. పిందె ఉన్నదాన్ని తెంపితే ఒక కాయ పోయినట్టే. ఈ ఒక్క తేడా పిల్లలకు చూపించండి, సంక్రాంతికి కాయలు మిగులుతాయి.

ఇక ఇత్తనం. ఇది కొంచెం జాగ్రత్తగా వినండి, నేను ఈ ఊరికి వచ్చింది ముఖ్యంగా దీనికే.

మీరు నాటు గుమ్మడి వేశారు. పక్క చేనులో హైబ్రిడ్ గుమ్మడి ఉంది. తేనెటీగకు హద్దురాళ్లు తెలియవు. ఆ పువ్వు పుప్పొడి తెచ్చి ఈ పువ్వు మీద వాలుతుంది. మీ కాయ పైకి నాటుదే, రుచి కూడా నాటుదే. కానీ లోపలి గింజ కలిసిపోయింది. వచ్చే ఏడు వేస్తే ఒక పాదు ఒక తీరు, ఇంకో పాదు ఇంకో తీరు. అట్లా రెండు మూడేండ్లలో, ఇత్తనం మన డబ్బాలోనే ఉన్నా, అవ్వ రకం మాత్రం ఉండదు. ఇత్తనం కోసం పండించేటప్పుడు వేరే గుమ్మడి రకానికి కనీసం అర కిలోమీటరు దూరం ఉండాలని విత్తన ధ్రువీకరణ ప్రమాణాలు చెబుతాయి. మూల విత్తనానికి అయితే కిలోమీటరు. మోకిలలో అర కిలోమీటరు ఖాళీ ఎక్కడ దొరుకుతుంది? విల్లాల మిద్దెల మీద కూడా తోటలు పెడుతున్నారు.

దానికి మందు మన చేతిలోనే ఉంది. సాయంత్రం తోటలోకి పోయి, రేపు తెల్లారి విచ్చుకోబోయే మొగ్గలను చూడండి. రంగు పచ్చ నుంచి పసుపుకు తిరిగి, కొస ఇంకా మూసుకుని ఉంటుంది. ఒక ఆడ మొగ్గ, రెండు మగ మొగ్గలు ఎంచుకుని, కొసలు విచ్చుకోకుండా దారంతో మెల్లగా కట్టేయండి. తెల్లారి ఆరు గంటలకు పోయి మగ పువ్వు తెంపి, దాని రేకులు తీసేస్తే మధ్యలో పుప్పొడి కాడ ఉంటుంది. ఆడ పువ్వు కట్టు విప్పి, ఆ కాడను లోపల నలువైపులా రుద్దండి. వెంటనే ఆడ పువ్వును మళ్లీ కట్టేయండి. కాడకు ఒక ఎర్ర దారమో, గుడ్డ పేలికో గుర్తు కట్టండి. అయిపోయింది. తొమ్మిది, పది దాటితే పువ్వు వాడిపోతుంది, ఎండకు పుప్పొడి పనిచేయదు. అన్నీ నిలవవు. పది చేస్తే అయిదారు నిలిచినా మంచిదే. మగ పువ్వు వేరే పాదుది, ఆడ పువ్వు వేరే పాదుది అయితే ఇంకా మేలు, రెండూ మీ నాటు పాదులే అయి ఉండాలి.

మధ్యలో ఒకన్న అడిగాడు, సొరకాయతోనో, బూడిద గుమ్మడితోనో కలిసిపోదా అని. కలవదు. దిష్టికి కట్టే, వడియాలు పెట్టే బూడిద గుమ్మడి వేరే జాతి. సొర, బీర, కాకర వేరే జాతులు. దోస, పుచ్చ కూడా అంతే. వాటి పక్కన నిశ్చింతగా వేసుకోండి.

ఇంకో జాగ్రత్త. ఎక్కడి నుంచో కలిసిన గింజ వల్ల ఒక్కోసారి కాయ చేదుగా వస్తుంది. గుమ్మడి గానీ, సొర గానీ, నాలుకకు చేదు తగిలితే తినొద్దు, ఉడికించినా చేదు పోదు. కడుపుకు హాని చేస్తుంది. బెల్లం వేసి కప్పిపుచ్చకండి. ఆ పాదు ఇత్తనం కూడా పారేయండి.

గుర్తు కట్టిన కాయను ముందుగా కోయొద్దు. తొడిమ ఎండి బెండులాగ కావాలి, తోలు మీద గోరు దిగకూడదు. విత్తినప్పటి నుంచి 100 నుంచి 130 రోజులు పట్టవచ్చు. తొడిమతో సహా కోసి, నీడలో ఇంకో మూడు నాలుగు వారాలు ఉంచితే లోపల గింజ నిండుతుంది. తర్వాత కాయ కోసి, కండ కూరకు, గింజ ఇత్తనానికి. గింజలు కడిగి, తేలినవి తీసేసి, నీడలో, గాలి తగిలే చోట గుడ్డ మీద ఆరబెట్టండి. మండుటెండలో వద్దు, ప్లాస్టిక్ కవరు మీద వద్దు. వంచితే వంగకుండా పుటుక్కున విరిగితే ఆరినట్టు. ఒక్క కాయ గింజలే దాచకండి. అయిదారు వేరువేరు పాదుల కాయల నుంచి తీసి కలపండి. ఎండకు ఓర్చిన గుణం ఒకదాంట్లో ఉంటే, తెగులుకు ఓర్చినది ఇంకోదాంట్లో ఉంటుంది.

పొడి డబ్బాలో, జల్లించిన బూడిద, ఎండిన వేపాకు వేసి మూత గట్టిగా పెట్టండి. మీద రకం పేరు, ఏ ఏడు, ఎవరి ఇత్తనం అని రాయండి. బాగా ఆరిన గుమ్మడి ఇత్తనం నాలుగేండ్ల దాకా మొలుస్తుంది. వేసే ముందు పది గింజలు తడి గుడ్డలో చుట్టి వారం చూడండి. ఏడుకు తగ్గకుండా మొలిస్తే మంచిది.

జహీరాబాద్ అక్కలు చేసింది

ఇదేం కొత్త సంగతి కాదు. మనకు దగ్గర్లోనే, ముంబయి హైవే మీద, జహీరాబాద్ పక్కన పస్తాపూర్ ఉంది. అక్కడ 1983లో మొదలైన డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి పనిచేసే దళిత మహిళల సంఘాలు ఊరూరా ఇత్తనాల బ్యాంకులు పెట్టుకున్నాయి. వాళ్ల ముఖ్య పంటలు జొన్న, కొర్ర, సామ, కంది లాంటివి, గుమ్మడి కాదు. కానీ దాచే తీరు మనం ఇప్పుడు మాట్లాడుకున్నదే. మట్టి, పెంట అలికిన గంపలు, బూడిద, వేపాకు. ఇత్తనం లేనివాళ్లు సంఘం నుంచి తీసుకుంటారు, పంట వచ్చాక రెట్టింపు తిరిగి ఇస్తారు. డబ్బు లెక్క లేదు. ఏటా పాత పంటల జాతర చేసి, ఎడ్ల బండ్ల మీద ఇత్తనాలు పెట్టుకుని ఊర్లు తిరుగుతారు. 2008 నుంచి సొంత రేడియో నడుపుతున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ ఆ సంఘాలకు వచ్చింది. అక్షరం రాని అక్కలు కూడా అందులో ఉన్నారు.

జర్నలిజం చదివినవాడిగా నాకు అందులో నచ్చింది ఆ బహుమతి కాదు. ఇత్తనాన్ని అప్పుగా తిప్పడం. ఒక ఇంట్లోనే ఉంటే ఎలుక తిన్నా పోతుంది, వాన కురిసినా పోతుంది. పది ఇండ్లలో ఉంటే పోదు. మీ గ్రామ సంఘంలో పొదుపు పుస్తకం పక్కన ఇత్తనాల పుస్తకం ఒకటి పెట్టండి. చేతులెత్తిన ఆ నలుగురు తలా పది గింజలు ఇస్తే నలభై గింజలు, పది గుంతలు. ఈ వానకాలానికి అంత చాలు.

నాటు ఇత్తనం అసలు దొరకనివాళ్లకు ఒక దారి ఉంది. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్కా చందన్ రకం హైబ్రిడ్ కాదు. దాని ఇత్తనం మనమే తీసుకుని మళ్లీ వేసుకోవచ్చు. కాయ రెండు మూడు కిలోలు. అది అవ్వ ఇత్తనం కాదు గానీ, ఏటా కొనే బాధ తప్పిస్తుంది.

హైబ్రిడ్ వేయొద్దని నేను చెప్పడం లేదు. మార్కెట్‌కు లోడు పంపేవాళ్లకు ఒకే సైజు కాయ కావాలి, హైబ్రిడ్ అది ఇస్తుంది. ఉన్న ఎకరం మొత్తం మొదటి ఏడాదే నాటుకు మార్చి నష్టపోవద్దు. ఒక మూల ఇరవై గుంతలతో మొదలుపెట్టండి.

ఇత్తనం మీద మీ హక్కు

ఇత్తనం దాచుకుంటే కేసు అవుతుందని ఒకచోట రైతులను ఎవరో భయపెట్టారని విన్నాను. అది నిజం కాదు. 2001లో పార్లమెంటు చేసిన మొక్కల రకాలు, రైతుల హక్కుల పరిరక్షణ చట్టంలో 39వ సెక్షను ఉంది. రైతు తన పంట నుంచి ఇత్తనం దాచుకోవచ్చు, మళ్లీ వేయవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. కంపెనీ రిజిస్టర్ చేసుకున్న రకమైనా సరే. ఒక్కటే చేయకూడదు. దాన్ని ప్యాకెట్ కట్టి, బ్రాండు పేరు, లేబుల్ వేసి అమ్మకూడదు. సంతలో గుప్పెడు గింజలు అమ్మే పెద్దమ్మకు ఏ భయమూ అక్కర్లేదు. పాత రకాలను కాపాడిన రైతులకు, రైతు సమూహాలకు ఇదే చట్టం కింద కేంద్రం అవార్డులు కూడా ఇస్తుంది.

మీకు వచ్చేవి, వాటి కాగితాలు

రైతు భరోసా: 2025 జనవరి 26 నుంచి ఎకరాకు ఏడాదికి 12,000, అంటే సీజనుకు 6,000. ఏ పంట వేశారన్నదానితో పని లేదు, గుమ్మడికైనా వస్తుంది. భూమి సాగుకు యోగ్యమై ఉండాలి, అంతే. ఇక్కడ మోకిల వాళ్లు జాగ్రత్తగా వినాలి. లేఅవుట్లు అయిన భూమికి, ఇండ్లు, రోడ్లు పడ్డ భూమికి రాదు. మీ సర్వే నంబరులో కొంత అమ్మి కొంత ఉంచుకుంటే, పాసుపుస్తకంలో మిగిలిన విస్తీర్ణం సరిగ్గా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. డబ్బు పడే రోజున కాదు. కౌలుకు చేసేవాళ్లకు ఒక మాట సూటిగా చెప్పాలి. ఇప్పటిదాకా అమలైన తీరులో డబ్బు పట్టాదారు ఖాతాలోనే పడింది. కాబట్టి కౌలు మాట్లాడుకునేటప్పుడే ఆ 6,000 సంగతి కూడా మాట్లాడుకోండి.

డ్రిప్పు: ఎస్సీ, ఎస్టీ రైతులకు 100 శాతం, బీసీలకు, సన్న చిన్నకారు రైతులకు 90 శాతం, మిగతావాళ్లకు 80 శాతం సబ్సిడీ. పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు పుస్తకం, ఎస్సీ ఎస్టీలైతే కులం సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి. బోరో, బావో ఉండాలి. ఏటా నిధులను బట్టి మంజూరు అవుతుంది, అందుకే పంట వేసే నెలలో కాకుండా ముందే ఉద్యాన శాఖలో దరఖాస్తు పెట్టండి.

రైతు బీమా పంటది కాదు, మనిషిది. పట్టా ఉన్న రైతు 18 నుంచి 59 ఏండ్ల మధ్య ఉంటే, ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు. నామినీ పేరు సరిచూసుకోండి. నామినీ ముందే చనిపోయి, పేరు మార్చుకోక ఇబ్బంది పడ్డ ఇండ్లు ఉన్నాయి.

సంఘం అక్కలకు: గుమ్మడి ఒరుగులు, హల్వా, ఒలిచిన గుమ్మడి గింజలు అమ్మే ఆలోచన ఉంటే, చిన్న ఆహార శుద్ధి యూనిట్లకు 2020లో మొదలైన కేంద్ర పథకం పీఎంఎఫ్ఎంఈ ఉంది. యూనిట్ ఖర్చులో 35 శాతం సబ్సిడీ, 10 లక్షల వరకు. ఆహార పదార్థాలు తయారుచేసే సంఘం సభ్యులకు చిన్న పనిముట్లు, పెట్టుబడి కోసం తలా 40,000 వరకు సంఘం ద్వారా వచ్చే వీలుంది. మిగతాది బ్యాంకు లోను. ముందు వీవోఏతో మాట్లాడి, ఈ ఏడాది దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో కనుక్కోండి. సబ్సిడీ ఇప్పిస్తామని కమీషన్ అడిగేవాళ్లకు రూపాయి కూడా ఇవ్వొద్దు.

అమ్ముకోవడం

నాటు కాయ ఎనిమిది, పది కిలోలు తూగుతుంది. పట్నంలో ముగ్గురున్న ఇంటికి అంత కాయ ఎవరు కొంటారు? అందుకే వ్యాపారి తీసుకోడు, తీసుకుంటే అగ్గువకు అడుగుతాడు. కోసి ముక్కలుగా అమ్మండి. పైన పచ్చగా, లోపల నారింజ రంగు కనబడితే సగం బేరం అయినట్టే. కోసిన ముక్క ఆ రోజే పోవాలి, కాబట్టి రోజుకు రెండు మూడు కాయల కన్నా ఎక్కువ కోయొద్దు. కోయని కాయ గాలి తగిలే చోట, ఒకదానికొకటి తగలకుండా పెడితే మూడు నెలలు ఆగుతుంది. టమాటలాగ తెల్లారేసరికి అమ్మకపోతే పారబోసే పంట కాదిది. ధర లేని వారం ఇంట్లో పెట్టుకోవచ్చు. నన్ను అడిగితే గుమ్మడిలో చిన్న రైతుకు ఉన్న అసలు బలం అదే.

విల్లాల గేటు ముందు ఆదివారం పొద్దున ఒక బల్ల వేసుకోవచ్చేమో, అక్కడి కమిటీ వాళ్లను సంఘం తరఫున అడగండి. మెహదీపట్నం రైతు బజారుకు పోయేవాళ్లు రైతు గుర్తింపు కార్డు చేయించుకోండి. బడిలో మధ్యాహ్న భోజనం వండే అక్కలు కూడా ఈ ఊరి వాళ్లే కదా, వాళ్లతో ఒకసారి మాట్లాడండి. పిల్లల కండ్లకు మంచిది, సాంబారులో బాగా కలుస్తుంది.

ఆఖరుకు వెనక నుంచి ఒక పెద్దమ్మ అడిగింది, "బిడ్డా, నా దగ్గర మూడేండ్ల కిందటి గింజలున్నయి, మొలుస్తయా?" అని. పెద్దమ్మా, పది గింజలు ఇవాళ రాత్రి గోరువెచ్చని నీళ్లలో నానబెట్టు, రేపు తడి గుడ్డలో చుట్టి వెచ్చగా ఉన్న చోట పెట్టు, రోజూ కొంచెం తడుపు. పదిలో రెండే మొలిచినా పారేయకు. ఆ రెండింటినీ నాటు, వాటి కాయలన్నీ ఇత్తనానికే ఉంచు. మిగతా గింజలు గుంతకు నాలుగు కాకుండా ఎనిమిది వెయ్యి. ఏఈవో మేడం వచ్చే వారం ఇక్కడికే వస్తారు, మొలకెత్తినవి ఆమెకు చూపించు. ఈలోగా ఏ పంట మీద అనుమానం వచ్చినా కిసాన్ కాల్ సెంటర్ 1800 180 1551కి ఫోన్ చేయండి. డబ్బు ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.